బ్లాక్ చేసింది నేనే

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక ట్యాబ్ ఉంటుంది. పనివాళ్లు రాగానే సెక్యూరిటీ అతను వాళ్ల 6 అంకెల కోడ్ కొడతాడు. ఫొటో వస్తుంది, దాని చుట్టూ పచ్చరంగు గీత. లోపలికి పంపిస్తాడు. ఎర్రరంగు వస్తే పంపించడు. ఎందుకు ఎర్రగా వచ్చిందో అతనికీ తెలియదు, ఎదురుగా నిలబడ్డ మనిషికీ తెలియదు. కిందటేడాది ఒక మంగళవారం పొద్దున ఆరుంబావుకి అక్క కోడ్ కొడితే ఎర్రగా వచ్చింది. ముందురోజు రాత్రి 9.42కి ఆ ఎరుపు పెట్టింది నేను.

అక్క పేరు ఇక్కడ రాయను. శ్రీకాకుళం వైపు నుంచి పదిహేనేళ్ల కింద హైదరాబాద్ వచ్చిన మనిషి. మా బ్లాకులో 5 ఇళ్లలో అంట్లు, ఇల్లు తుడవడం, రెండిళ్లలో కూరగాయలు తరగడం కూడా. అన్నీ కలిపి నెలకి 17 వేల చిల్లర. కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. మా ఇంట్లో రెండేళ్లు చేసింది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కాల్ మీద ఉంటే గిన్నెల చప్పుడు కాకుండా కడిగేది. ఆ సంగతి నేను గమనించింది ఆమె రావడం మానేశాకే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. అసోసియేషన్‌లో కుర్రాళ్లు తక్కువ కాబట్టి, "నీకు కంప్యూటర్ తెలుసు కదా తమ్ముడూ" అని గేటు యాప్ అడ్మిన్ పని నాకు అంటగట్టారు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్లని చేర్చడం, వెళ్లిపోయినవాళ్లని తీసేయడం, డ్రైవర్లకి, పనివాళ్లకి కోడ్‌లు ఇవ్వడం. పెద్ద పనేం కాదు. పెద్ద పనేం కాదని అనుకున్నాను.

ఆ సోమవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆయన మెసేజ్ పెట్టారు. అసోసియేషన్ ట్రెజరర్ ఆయనే. ఇంట్లో 3 కాసుల గొలుసు కనపడట్లేదని, శనివారం పెళ్లి నుంచి వచ్చాక బీరువాలో పెట్టామని, ఇంట్లోకి వచ్చే బయటి మనిషి పనామె ఒక్కతేనని. అరగంటలో 60 మెసేజ్‌లు. ఎప్పుడో తమ ఇంట్లో పోయిన వెండి గిన్నె ఒకరికి గుర్తొచ్చింది, 500 నోటు ఇంకొకరికి. "నిప్పు లేనిదే పొగ రాదు" అని ఒకాయన. "ఈ మధ్య ఆవిడ కొత్త ఫోన్ కొన్నది, చూశారా" అని ఒకామె. ఆ ఫోన్ నెలకి 1,100 చొప్పున ఈఎంఐలో కొన్నదని నాకు తెలుసు. ఆ ఈఎంఐ ఫారం నింపిపెట్టింది నేనే. అయినా గ్రూపులో నేను ఒక్క ముక్క రాయలేదు.

మొదటి అంతస్తులో ఉండే రిటైర్డ్ లెక్చరర్ మేడమ్ ఒకరే అడిగారు: "ఆమెని పిలిచి అడిగారా?" దానికి ఎవరూ జవాబివ్వలేదు. దాని కింద వచ్చిన "ముందు గేటు దగ్గర ఆపేయండి" అన్న మెసేజ్‌కి మాత్రం 14 బొటనవేళ్లు పడ్డాయి.

తొమ్మిదిన్నరకి ప్రెసిడెంట్‌గారు ఫోన్ చేశారు. "ప్రస్తుతానికి బ్లాక్ చేసెయ్యి తమ్ముడూ. మిగతాది తర్వాత చూద్దాం." సరేనన్నాను. యాప్ తెరిచాను. బ్లాక్ నొక్కితే కారణం అడుగుతుంది. జాబితాలో ఉన్నవి నాలుగే: పని మానేశారు, దురుసు ప్రవర్తన, దొంగతనం, ఇతరములు. 'అనుమానం' అనే మాట జాబితాలో లేదు. 'ఇతరములు' పెడితే వివరం టైప్ చేయాలి. అన్నం చల్లారిపోతోంది. 'దొంగతనం' నొక్కాను. మొత్తం 20 సెకన్లు పట్టింది.

ఆఫీసులో నా కోడ్ ఒక్క లైను ప్రొడక్షన్‌లోకి వెళ్లాలంటే ఇద్దరు చూసి సరేననాలి. తేడా వస్తే వెనక్కి తీసుకునే దారి ముందే రాసిపెట్టాలి. ఒక మనిషి బతుకుతెరువు తీసేయడానికి మాత్రం నా బొటనవేలు ఒక్కటే సరిపోయింది.

పొద్దున ఆరుంబావుకి అక్క నాకే ఫోన్ చేసింది. "బాబూ, గేటు కాడ మెషిను ఎర్రగా చూపెడతంది. నువ్వు కంప్యూటరోడివి కదా, కాస్త చూడవా. పై ఇంట్లో పిల్లలకి బడి టైమైపోతంది."

"సర్వర్ ప్రాబ్లం అనుకుంటా అక్కా, కనుక్కుంటాను" అన్నాను.

ఆ అబద్ధం గురించి ఇంకేం రాయను. అది అలాగే ఉండనివ్వండి.

పదింటికల్లా విషయం ఆమెకి తెలిసిపోయింది. సెక్యూరిటీవాళ్ల దగ్గర ఏదీ దాగదు. సాయంత్రం కొడుకుని వెంటబెట్టుకుని గేటు దగ్గరకి వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. చేతి సంచి సెక్యూరిటీ టేబుల్ మీద బోర్లించింది. రేషన్ కార్డు జిరాక్సు, తాళంచెవి, అర పొట్లం వక్కపొడి, బస్సు టికెట్లు. "పోలీసుల్ని పిలవండి. స్టేషనుకైనా వస్తాను. అడగండి నన్ను" అంది. పోలీసుల్ని పిలవాలని మాలో ఎవరికీ లేదు. "స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారండీ, పోయింది పోయింది. పేదది, వదిలేద్దాం" అన్నారు ట్రెజరర్‌గారు. మేమంతా దాన్ని పెద్దమనసు అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఆ 'వదిలేద్దాం'లో ఏముందో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. పోలీసు కేసయితే ఆమెకి కష్టమే, కాదనను. యజమాని సొత్తును పనివాళ్లు దొంగిలిస్తే దానికి విడిగా ఒక సెక్షనే ఉంది. పాత ఐపీసీలో 381, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 306. శిక్ష 7 ఏళ్ల దాకా పడొచ్చు. కానీ ఆ దారిలో ఆమెకి కొన్ని హక్కులు కూడా ఉంటాయి. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. పోలీసులైనా సరే, ఆడమనిషిని సోదా చేయాలంటే ఆడమనిషే చేయాలి, అదీ మర్యాదగా. పొద్దుగూకాక, తెల్లవారకముందు మహిళను మామూలుగా అరెస్టు చేయకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా కారణం చూపి మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. లాయరుకి డబ్బుల్లేకపోతే 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్తే చాలు. (ఆ నంబరు నాకప్పుడు తెలియదు. ఇప్పుడు గేటు దగ్గర అంటించాం, ఆ సంగతి తర్వాత చెప్తాను.)

మేం వేసిన శిక్షలో ఇవేవీ లేవు. నేరం ఏమిటో చెప్పలేదు. ఆమె మాట వినలేదు. ఎన్నాళ్లో చెప్పలేదు. అప్పీలు లేదు. సొత్తు పోయినాయనే తీర్పు చెప్పేవాళ్లలోనూ ఉన్నారు. లా చదివిన నా స్నేహితుడికి ఇదంతా చెబితే నవ్వాడు. సహజ న్యాయంలో అన్నిటికంటే పాతవి రెండు సూత్రాలట. అవతలివాళ్ల మాట వినాలి. తన తగవుకి తనే తీర్పరి కాకూడదు. "రెండూ ఒకే రాత్రి, అదీ ఇరవై సెకన్లలో ఎత్తేశారు కదరా" అన్నాడు.

న్యాయం అంటే నాకు ఇంకో బొమ్మ కూడా తెలుసు. అది చూసింది మా అమ్మమ్మగారి ఊళ్లో, ప్రకాశం జిల్లాలో. నేను ఎనిమిదో తరగతి సెలవుల్లో ఉన్నాను. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. చిన్నవాళ్లకి తెలియకపోవచ్చు గానీ, ఆ పథకం దేశంలో మొదలైంది మన దగ్గరే, 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభే లెక్కలు తనిఖీ చేయాలని రాశారు. ఈ ఆలోచనకి మూలం రాజస్థాన్‌లో ఉంది. 1990ల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పల్లెల్లో కూలి లెక్కలు జనం ముందు బిగ్గరగా చదివించేవారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి కూడా ఊపిరి అక్కణ్నుంచే. కానీ దాన్ని ప్రభుత్వ పద్ధతిగా మార్చి, అందుకు 2009లో ఒక సొసైటీనే పెట్టింది మాత్రం ఆంధ్రప్రదేశ్.

మా అమ్మమ్మకి చదువు రాదు. ఆ వేసవిలో చెరువు పూడిక పనికి వెళ్లింది. తనిఖీకి వచ్చిన కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి మస్టర్ కాగితాలు చదివి వినిపించారు. అమ్మమ్మ పేరు మీద 18 రోజులున్నాయి. "నేను వెళ్లింది పదకొండు రోజులేనయ్యా" అంది. అంటే మిగతా 7 రోజుల డబ్బులు ఎవరో తిన్నారు. చూసి నేను ఆశ్చర్యపోయింది ఇంకోదానికి. ఆమె "పదకొండే" అని నిజం చెప్పింది. పద్దెనిమిదీ వెళ్లానంటే ఆ మిగతా డబ్బులు అడగొచ్చు కదా అని మా మావయ్య అంటే, "రేపు మైకు ముందు ఎట్టా నిలబడతానురా" అంది.

మర్నాడు మండలాఫీసు ముందు షామియానా కింద ప్రజావేదిక. మండలం మండలమంతా వచ్చింది. తనిఖీ కుర్రాడు పేర్లు చదివాడు. అమ్మమ్మ లేచి మైకు పట్టుకుని తన పదకొండు రోజుల సంగతి చెప్పింది. చెయ్యి వణికింది, గొంతు వణకలేదు. తర్వాత మైకు ఫీల్డ్ అసిస్టెంట్‌కిచ్చారు. అతను మా దూరపు చుట్టమే. "నాలుగు రోజులు మేట్ తప్పు రాశాడు, మూడు నేను చూసుకోలేదు" అన్నాడు. జనం గోల చేస్తే వేదిక మీది అధికారి ఆపారు: "అతన్నీ చెప్పనివ్వండి." పూర్తిగా చెప్పనిచ్చారు. అప్పుడు రికవరీ రాశారు. ఆ డబ్బు మొత్తం వసూలైందా అంటే నాకు తెలిసి కాలేదు. సామాజిక తనిఖీల మీద పెద్ద విమర్శ కూడా అదే, బయటపడినంత వెనక్కి రాదు. అయినా ఆ షామియానా కింద ఒక ముసలి కూలిమనిషి అడిగింది, అధికారం ఉన్న మనిషి జవాబు చెప్పాడు, ఊరు ఇద్దరి మాటా విన్నది. తప్పు చేసినవాడికి కూడా మైకు దొరికింది.

అక్కకి ఆ మైకే దొరకలేదు. గ్రూపులో 112 మందిమి ఉన్నాం. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి తప్ప అందరం ఉన్నాం.

'నలుగురితో నారాయణ' అని మన సామెత. ఆ రాత్రి నేను చేసిందీ అదే. మనకి బాగా తెలిసిన సభ ఒకటుంది, ద్రౌపదిని నిలబెట్టిన కౌరవసభ. ఆమె ధర్మం అడిగితే భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని తప్పించుకున్నాడు. లేచి ఇది తప్పన్నది వికర్ణుడు, కౌరవుల్లోనే ఒక తమ్ముడు. కర్ణుడు అతన్ని కుర్రవాడివి కూర్చోమన్నట్టు కసిరాడు. చిన్నప్పుడు నన్ను నేను ఎప్పుడూ వికర్ణుడి పక్కనే ఊహించుకునేవాణ్ని. తీరా చూస్తే నేను ఆ సభలో దీపాలు సర్దే పని చేశాను. మా వికర్ణుడు మొదటి అంతస్తు మేడమ్. ఆవిడ గ్రూపులో అడిగి ఊరుకోలేదు కూడా. అక్కకి ఫోన్ చేసి మాట్లాడారు, ఆ నెల జీతం పూర్తిగా పంపించారు. మాకెవరికీ చెప్పలేదు. అక్క చెబితేనే తెలిసింది.

పదకొండు రోజుల తర్వాత, శుక్రవారం రాత్రి ట్రెజరర్‌గారు నాకు విడిగా ఫోన్ చేశారు. గొలుసు దొరికింది. పెళ్లికి తీసుకెళ్లిన సూట్‌కేసు లోపలి జిప్ అరలో, జాకెట్టు మడతల్లో ఉందట. "ఆమెని కామ్‌గా అన్‌బ్లాక్ చేసెయ్. గ్రూపులో పెట్టకు, అనవసరంగా రచ్చ" అన్నారు.

నేను కామ్‌గానే అన్‌బ్లాక్ చేశాను. ఇదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను. అప్పటికైనా నాకు వెంటనే కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది. మర్నాడు అక్కకి ఫోన్ చేశాను, "అంతా సరైపోయింది అక్కా, రేపట్నుంచి రావచ్చు" అని. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "సర్వరు బాగైందా బాబూ" అంది.

ఆ మాటతో మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

అప్పటికి 5 ఇళ్లలో 4 ఇళ్లవాళ్లు వేరే మనుషుల్ని పెట్టుకున్నారు. మా ఇంటితో సహా. మేమే కాదు, పక్క అపార్ట్‌మెంట్‌లో ఆమె అడిగితే "అక్కడ ఏదో గొడవైందట కదా" అన్నారట. కొడుకు ఫీజు వాయిదా కట్టలేక మెడలోని పుస్తెలతాడు కుదువ పెట్టింది. బంగారం దొంగిలించిందని మేం అనుమానించిన మనిషి, మా అనుమానం వల్ల తన బంగారం కుదువ పెట్టుకుంది.

రెండు వారాలకి జనరల్ బాడీ మీటింగ్. లిఫ్ట్ ఏఎంసీ, బోరు మోటారు, వినాయక చవితి చందాల తర్వాత నేను లేచాను. బ్లాక్ చేసింది నేను, కారణం 'దొంగతనం' అని పెట్టింది నేను, అది తప్పు అన్నాను. గొలుసు దొరికిన సంగతి సగం మందికి అప్పుడే తెలిసింది. ట్రెజరర్‌గారి ముఖం మాడిపోయింది. మూడు అడిగాను. గ్రూపులో అందరికీ తెలిసేలా తప్పు ఒప్పుకుంటూ మెసేజ్, తెలుగులో కాగితం మీద కూడా, ఆమె చేతికి. పోయిన రోజుల జీతం. ఇక ముందు ఎవరినైనా ఆపాలంటే ముందు వాళ్లని పిలిచి అడగడం, సొత్తు పోయినవాళ్లు ఆ నిర్ణయంలో ఉండకపోవడం, వారంలోగా తేల్చలేకపోతే బ్లాక్ తీసేయడం.

గంటన్నర నడిచింది. "ఇవన్నీ పెట్టడానికి మనమేమైనా కోర్టా?" అని ఒకాయన. "శిక్ష వేసిన రోజు కోర్టు కాదని గుర్తు రాలేదా?" అన్నారు మేడమ్. "బంగారం పోతే ఎవరికైనా అనుమానం రాదా, ఆ బాధ మీకేం తెలుసు" అని ట్రెజరర్‌గారి భార్య ఏడ్చారు. ఆ ఏడుపు నాటకం కాదు. ఆ గొలుసు వాళ్లమ్మగారిదట. అనుమానం రావడం నేరం కాదు, ఆమాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అనుమానాన్ని తీర్పుగా మార్చిన పని మాది, ఒక్కావిడది కాదు.

చివరికి మూడో పద్ధతి పాసైంది. గేటు దగ్గర తెలుగులో, హిందీలో కాగితం అంటించాం, కింద 15100 నంబరుతో. తప్పు ఒప్పుకునే కాగితంలో 'క్షమించండి' అన్న మాట ఉంచాలా, 'చింతిస్తున్నాం' అనాలా అని 20 నిమిషాలు వాదించుకుని 'చింతిస్తున్నాం' దగ్గర ఆగారు. జీతం మాట ఓడిపోయింది. అసోసియేషన్ డబ్బులోంచి ఇవ్వడానికి బైలా ఒప్పుకోదట. విడిగా ఇవ్వాలనుకున్నవాళ్లు ఇవ్వొచ్చన్నారు. 48 ఫ్లాట్లలో 9 ఇళ్లవాళ్లు ఇచ్చాం. ట్రెజరర్‌గారు మీటింగ్‌లో రూపాయి ఇవ్వనన్నారు. మూడు రోజులకి నా తలుపు కొట్టి కవరు చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయారు. అందరికంటే ఎక్కువ అందులోనే ఉంది. మనుషుల గురించి తొందరపడి తీర్పు చెప్పకూడదని నేను నేర్చుకోవాల్సింది ఆయన విషయంలో కూడా అని అప్పుడనిపించింది.

ఇళ్లల్లో పనిచేసేవాళ్ల పని పరిస్థితుల మీద దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మనకి లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒప్పందం తెచ్చింది, మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది, ఒక కమిటీ వేసి ఇలాంటి చట్టం సంగతి చూడమని. అది వచ్చేదాకా ఆమె ఉద్యోగం మా బొటనవేళ్ల మీదే ఉంటుంది. మన రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం కంటే ముందు వచ్చే మాట న్యాయం. స్కూల్లో వరసగా బట్టీ పట్టాం గానీ, అదెందుకు మొదట ఉందో ఎవరమూ అడగలేదు.

డబ్బు, కాగితం తీసుకుని నేనూ మేడమ్ బస్తీకి వెళ్లాం. రేకుల ఇల్లు, గుమ్మంలో ముగ్గు. టీ ఇచ్చింది. కాగితం కొడుకు చదివి వినిపించాడు. 'చింతిస్తున్నాం' దగ్గర ఆగి, "అంటే ఏటి?" అని అడిగింది. కుర్రాడు నా వైపు చూశాడు. "తప్పు చేశాను, క్షమించు అక్కా. ఆ మెషిన్ ఎర్రగా చేసింది నేనే. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను" అన్నాను.

"నాకు ఆ రోజే తెలుసు బాబూ" అంది. "సెక్యూరిటీ చెప్పాడు, పేరు చూపెడతాదంట కదా."

డబ్బు తీసుకుంది, లెక్కపెట్టింది. "ఇది నేను చెయ్యని పనికి కాదు, మీరు చెయ్యనీని పనికి" అంది. తిరిగి రానంది. మేడమ్ ఇంటికి కూడా రానంది, ఆ గేటు దాటాలి కాబట్టి. వేరే చోట 3 ఇళ్లు దొరికాయట. ఒక్కటి మాత్రం అడిగింది. ఆ మెషిన్‌లోంచి తన ఫొటో తీసేయించమని.

ఇంటికొచ్చి అదే రాత్రి యాప్ తెరిచాను. ఫొటో తీయొచ్చు, తీశాను. పేరు తీయొచ్చు, తీశాను. కానీ హిస్టరీలో ఆ వరస పోవడం లేదు. కారణం: దొంగతనం. పక్కన నా ఫ్లాట్ నంబరు, తేదీ, 9.42. కంపెనీకి టికెట్ పెట్టాను, కారణమైనా మార్చమని. పాత రికార్డులు మార్చడానికి వీలు లేదని మొదట జవాబొచ్చింది. మళ్లీ రాశాను, ఈసారి జరిగిందంతా. టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది. ప్రతి సోమవారం ఒక మెయిల్ పెడుతున్నాను.